పాంబన్ జలసంధి: రామేశ్వరం వెళ్లేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

రామేశ్వరం గురించి తెలుగులో రాసినవి చాలానే ఉన్నాయి, కానీ దాదాపు అన్నీ గుడి దగ్గర మొదలై గుడి దగ్గరే ఆగిపోతాయి. ఆ గుడికి చేరేముందు మనం దాటే నీళ్ల గురించి మాత్రం ఎవరూ పెద్దగా రాయరు. వంతెన మీద రైలు వెళ్తుంటే వీడియో తీసుకుంటాం, చిల్లర పైసలు నీళ్లలోకి విసిరి దండం పెట్టుకుంటాం, అంతటితో అయిపోతుంది. కింద ఉన్న ఆ సన్నని సముద్రపు పాయ గురించి జనం అడిగే ప్రశ్నలకు తెలిసినంతలో వివరంగా జవాబులు ఇక్కడ ఇస్తున్నాను.

పాక్ జలసంధి, పాంబన్, రామసేతు: ఈ మూడూ ఒకటేనా?

కాదు, మూడూ వేరు. ముందు ఇది తేల్చుకుంటే మిగతా అనుమానాల్లో సగం వాటంతట అవే పోతాయి. పాక్ జలసంధి అంటే తమిళనాడుకీ ఉత్తర శ్రీలంకకీ మధ్య ఉన్న పెద్ద సముద్ర భాగం, వెడల్పు యాభై కిలోమీటర్ల పైమాటే. 1763 నుంచి 1767 దాకా మద్రాసు గవర్నరుగా ఉన్న రాబర్ట్ పాక్ పేరు దానికి పెట్టారు. రామసేతు ధనుష్కోడి కొస నుంచి శ్రీలంకలోని తలైమన్నార్ వైపు వరుసగా సాగే ఇసుక తిన్నెలు, సున్నపురాతి మెట్టలు. ఆ దూరం సుమారు 30 కిలోమీటర్లు. ఇక మనం రైల్లోనో బస్సులోనో దాటేది ఈ రెండూ కాదు. భారత ప్రధాన భూభాగం మీద మండపం అనే ఊరికీ, రామేశ్వరం దీవి మీద పాంబన్ అనే ఊరికీ మధ్య ఉన్న చిన్న జలసంధి అది. దాన్నే పాంబన్ పాస్ అంటారు. మీరు దాటేది ఇండియా నుంచి ఇండియాకే. శ్రీలంక ఉన్నది దీవికి రెండో వైపున.

ఎంత వెడల్పు? ఎంత లోతు?

వంతెన కట్టిన చోట వెడల్పు సుమారు రెండు కిలోమీటర్లు. లోతు మాత్రం చాలా తక్కువ. అడుగున ఇసుకరాతి పలకలు, పగడపు రాళ్లు పరుచుకుని ఉంటాయి, వంతెన మీద నుంచి చూస్తే కొన్నిచోట్ల రాళ్లు నేరుగా కనబడతాయి. రెండు కిలోమీటర్ల వెడల్పు ఉందని పడవ ఎక్కడ పడితే అక్కడ దూరిపోలేదు. ఓ మోస్తరు ఓడ పోవడానికి లోతుగా ఉన్నది నడుమనున్న సన్నని దారి ఒక్కటే. అది కూడా పూర్తిగా సహజమైనది కాదు, పంతొమ్మిదో శతాబ్దంలో బ్రిటిష్ వాళ్లు రాళ్లు పేల్చి, తవ్వి లోతు చేయించారు. రైలు వంతెనలో ఓడల కోసం పైకి లేచే భాగాన్ని, అంటే లేచే స్పాన్‌ను, సరిగ్గా ఆ దారికి పైనే ఎందుకు పెట్టారో దీన్నిబట్టి అర్థమవుతుంది.

వంతెనకి ఒక వైపు సముద్రం ప్రశాంతంగా, ఇంకో వైపు అలలతో ఉంటుంది. ఎందుకు?

నాకు బాగా ఇష్టమైన ప్రశ్న ఇది. ఉత్తరాన ఉన్నది పాక్ అఖాతం, దక్షిణాన ఉన్నది మన్నార్ సింధుశాఖ. రెండు వేర్వేరు సముద్రాలు ఈ సందు దగ్గర కలుస్తున్నాయి. పాక్ అఖాతం లోతు తక్కువ, చుట్టూ నేల కమ్ముకుని ఉంటుంది కాబట్టి ఏడాదిలో ఎక్కువ కాలం చెరువులా కనిపిస్తుంది. రామేశ్వరంలో అగ్నితీర్థం దగ్గర అలలు ఉండవని మనవాళ్లు ఆశ్చర్యపోయేది ఇందుకే. మన్నార్ వైపు సముద్రం హిందూ మహాసముద్రానికి తెరుచుకుని ఉంటుంది, అందుకే అక్కడ అలల జోరు ఎక్కువ. అక్కడి మత్స్యకారులు పాక్ వైపును ఆడ సముద్రమనీ, మన్నార్ వైపును మగ సముద్రమనీ పిలుస్తారు.

అయితే ఇది ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలులు వీచినప్పుడు దక్షిణం వైపు అల్లకల్లోలంగా ఉంటుంది, నీరు దక్షిణం నుంచి ఉత్తరానికి ఈ సందు గుండా తోసుకుని వెళ్తుంది. అక్టోబరు తర్వాత ఈశాన్య రుతుపవనం మొదలయ్యాక అంతా తిరగబడుతుంది. ఆడ సముద్రమని పేరున్న పాక్ అఖాతమే అప్పుడు రేగిపోతుంది, ప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి మళ్లుతుంది. ఇక్కడ ఆటుపోట్ల తేడా ఒక మీటరు కూడా ఉండదు. కాబట్టి పాంబన్ దగ్గర నీళ్ల నడక ఎటో తేల్చేది ఎక్కువగా గాలే. వంతెన, రైలు, ఓడలు, వేట, తుఫాను, ఇక్కడ దేని కథ ఎత్తుకున్నా మధ్యలో గాలి ప్రస్తావన రాక తప్పదు.

వంతెన లేనప్పుడు యాత్రికులు ఎలా దాటేవాళ్లు?

పడవల్లోనే. రామనాథపురం పాలకులకు సేతుపతులు అని బిరుదు. సేతువుకు వెళ్లే దారిని, యాత్రికులను కాపాడటం తమ బాధ్యతగా వాళ్లు భావించేవాళ్లు. కాశీ వెళ్లినవాళ్లు గంగనీళ్లు తెచ్చి రామనాథస్వామికి అభిషేకం చేయించడం, సేతువు దగ్గరి ఇసుక తీసుకెళ్లి ప్రయాగలో కలపడం మన ఇళ్లలో తరతరాలుగా ఉన్న ఆచారమే కదా, ఆ ఇసుక, ఆ నీళ్లు అన్నీ ఈ సందు మీదుగా పడవల్లో వెళ్లినవే. వివేకానందుడు కొలంబో నుంచి తిరిగొస్తూ 1897 జనవరి 26న పాంబన్ దగ్గరే ఒడ్డు దిగారు. ఆయనకు ఎదురెళ్లి స్వాగతం పలికింది భాస్కర సేతుపతి. దిగిన చోటు కుందుకాల్‌లో ఇప్పుడొక స్మారకం ఉంది. గుడి చూసుకుని హడావుడిగా వెనక్కి తిరిగేవాళ్లకి అది ఉన్నట్టే తెలియదు.

1914లోనే సముద్రం మీద రైలు వంతెన ఎందుకు కట్టారు? యాత్రికుల కోసమా?

అసలు కారణం యాత్రికులు కాదు. అప్పట్లో శ్రీలంక తేయాకు, కాఫీ తోటలకు తమిళ కూలీలు వేల సంఖ్యలో వెళ్లేవాళ్లు, సరుకులూ తపాలా అటూ ఇటూ తిరిగేవి. మద్రాసు నుంచి కొలంబోకి వేగంగా చేరే దారి కావాలి. అందుకని పాంబన్ దగ్గర వంతెన కట్టి, ధనుష్కోడి దాకా పట్టాలు వేసి, అక్కడి నుంచి తలైమన్నార్‌కి స్టీమరు, అటు నుంచి మళ్లీ రైలు ఏర్పాటు చేశారు. జనం దీన్ని బోట్ మెయిల్ అనేవాళ్లు. మద్రాసు ఎగ్మూరు స్టేషనులో ఎక్కినవాళ్లు ధనుష్కోడిలో రైలు దిగి ఓడ ఎక్కేవాళ్లు. తోటలకు వెళ్లే కూలీలను రోగాలు లేవని తేలేదాకా మండపంలో క్వారంటైన్ క్యాంపులో ఉంచేవాళ్లు. ఆ పేరు మీదే ఆ చోటును ఇప్పటికీ మండపం క్యాంప్ అంటున్నారు, తర్వాతి కాలంలో శ్రీలంక నుంచి వచ్చిన శరణార్థులు తలదాచుకున్నదీ అక్కడే.

పాత వంతెన 1914 ఫిబ్రవరి 24న మొదలైంది. మన దేశంలో సముద్రం మీద కట్టిన మొదటి వంతెన అదే. పొడవు రెండు కిలోమీటర్లు దాటుతుంది.

పాత వంతెన ఎలా తెరుచుకునేది?

మధ్యలో షెర్జర్ స్పాన్ అని ఒకటుండేది, అది అమెరికన్ ఇంజినీర్ విలియం షెర్జర్ పద్ధతిలో చేసినది. రెండు రెక్కలు ఎదురెదురుగా ఉండి, తలుపులు పైకి తెరుచుకున్నట్టు చెరోవైపు లేచేవి. ఇందులో మోటార్లు లేవు. రెండు వైపులా సిబ్బంది నిలబడి లివర్లు తిప్పుతుంటే పళ్లచక్రాల మీద ఆ వందల టన్నుల ఇనుము మెల్లగా లేచేది, ఒక్కోసారి అరగంట పైనే పట్టేది. ఇలా శతాబ్దానికి పైగా మనుషుల చేతులే ఆ రెక్కల్ని పైకెత్తాయి. మొదట్లో మీటర్ గేజ్‌గా ఉన్న ఈ లైనును 2006-07 ప్రాంతంలో బ్రాడ్ గేజ్‌గా మార్చారు, అందుకోసం పాత స్పాన్‌ను కూడా బలోపేతం చేయాల్సి వచ్చింది.

1964 తుఫానులో నిజంగా ఏం జరిగింది?

ఇంటర్నెట్‌లో దీన్ని దయ్యాల కథలా చెప్పే వీడియోలు కుప్పలున్నాయి. దయచేసి వాటిని పక్కన పెట్టండి. అక్కడ పోయింది మనుషుల ప్రాణాలు.

1964 డిసెంబరు 22 రాత్రి పాంబన్ నుంచి ధనుష్కోడికి 653 నంబరు ప్యాసింజర్ బయల్దేరింది. దీవికి ఆ చివర ధనుష్కోడి సన్నని ఇసుక పట్టీ లాంటి నేల, ఒక పక్క పాక్ అఖాతం, ఇంకో పక్క మన్నార్. రైలు ధనుష్కోడికి దగ్గరయ్యేసరికి సిగ్నల్ పనిచేయడం లేదు, చీకటి, వాన, గాలి. ఆగి చూసిన డ్రైవరు చివరికి ముందుకే పోనిచ్చాడు. ఉప్పెన వచ్చి మొత్తం రైలును కప్పేసింది. రైల్లో ఉన్నవాళ్లు వంద మందికి పైగా, ఒక్కరూ బతకలేదు. ధనుష్కోడి ఊరు కూడా ఆ రాత్రే పోయింది: రైల్వే స్టేషను, పోస్టాఫీసు, చర్చి, కస్టమ్స్ ఆఫీసు, ఇళ్లు. మొత్తం మృతుల సంఖ్య సుమారు 1,800 అని అంచనా. ఆ తర్వాత ప్రభుత్వం ఆ ఊరు నివాసానికి పనికిరాదని ప్రకటించింది. సావిత్రి, జెమినీ గణేశన్ ఆ రోజుల్లో రామేశ్వరంలోనే ఉండి తుఫానులో చిక్కుకుపోయారని మన పాత తరం వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

మన కోస్తాలో 1977 దివిసీమ ఉప్పెన గురించి విన్నవాళ్లకి ఇందులో కొత్తగా చెప్పాల్సిందేమీ లేదు. లోతు తక్కువగా ఉన్న సముద్రం మీద పెద్ద తుఫాను వస్తే గాలి నీళ్లను తోసుకొచ్చి ఒడ్డున కుప్ప పోస్తుంది, లోతు ఉంటే కిందికి మళ్లాల్సిన నీటికి అక్కడ దారి ఉండదు. పాక్ అఖాతం ప్రశాంతంగా ఉండటానికి ఏ లోతులేమి కారణమో, ఉప్పెన అంత భయంకరంగా రావడానికి కూడా అదే కారణం.

వంతెనను 46 రోజుల్లో బాగు చేశారన్నది నిజమేనా?

నిజమే. తుఫాను దెబ్బకి వంతెన గర్డర్లలో, అంటే పట్టాలను మోసే ఇనుప దూలాల్లో, చాలా భాగం కొట్టుకుపోయాయి, లేచే షెర్జర్ స్పాన్ మాత్రం నిలబడింది. మరమ్మతుకు ముందు ఆరు నెలల గడువు అనుకున్నారు, తర్వాత దాన్ని మూడు నెలలకు తగ్గించారు. పని అప్పజెప్పింది అప్పటికి కుర్ర ఇంజినీరైన ఇ.శ్రీధరన్‌కి. తర్వాత కొంకణ్ రైల్వే, ఢిల్లీ మెట్రో కట్టించింది ఈయనే. కొత్త గర్డర్లు దేశంలో ఎక్కడెక్కడి నుంచో రావాలి, అంత టైం లేదు. ఇంతలో మునిగిపోయిన పాత గర్డర్లు సముద్రం అడుగున ఉన్నాయని అక్కడి మత్స్యకారుల ద్వారా తెలిసింది. వాటినే పైకి లాగించి మళ్లీ బిగించి 46 రోజుల్లో రైలు నడిపించారు. ఈ కథ చెప్పేటప్పుడు శ్రీధరన్ పేరు అందరూ చెబుతారు, చెప్పాల్సిందే. కానీ గర్డర్లు ఎక్కడున్నాయో చూసి చెప్పినవాళ్ల ఊసు కూడా అంతే గట్టిగా ఎత్తాలని నా అభిప్రాయం, ఎందుకంటే ఆ నీళ్ల అడుగు వాళ్లకు తెలిసినట్టు ఏ ఇంజినీరుకీ తెలియదు.

రైలు మళ్లీ రామేశ్వరం దాకా నడిచింది కానీ ధనుష్కోడి దాకా పట్టాలు మళ్లీ వేయలేదు.

రోడ్డు వంతెన ఎప్పుడు వచ్చింది?

1988లో. అంటే రైలు వంతెన వచ్చిన 74 ఏళ్లకు. అన్నై ఇందిరా గాంధీ రోడ్డు వంతెన అంటారు, పొడవు 2.3 కిలోమీటర్ల పైన. అప్పటిదాకా దీవిలోకి కారుగానీ బస్సుగానీ నేరుగా వెళ్లే వీలే లేదు. మధ్యలో ఎత్తుగా వంపు తిరిగి ఉంటుంది, కింద నుంచి ఓడలు పోవాలి కాబట్టి.

కొత్త రైలు వంతెన ఎందుకు కట్టారు?

ఉప్పుగాలి వల్ల. లోహం వేగంగా తుప్పు పట్టే ప్రాంతాల్లో పాంబన్ ఒకటి, పాత వంతెనకి ఏళ్ల తరబడి తుప్పు గోకడం, రంగు వేయడం తప్ప వేరే పని లేనట్టుండేది. చివరి ఏళ్లలో రైళ్లు దాని మీద పది కిలోమీటర్ల వేగంతో పాకేవి. 2022 డిసెంబరులో లిఫ్ట్ స్పాన్ దగ్గర లోపాలు కనిపించాక రైళ్లు ఆపేశారు, ఆ తర్వాత శాశ్వతంగా ఆగిపోయాయని ప్రకటించారు. దాదాపు రెండేళ్ల పైచిలుకు రామేశ్వరం రైళ్లన్నీ మండపంలోనో రామనాథపురంలోనో ఆగిపోయేవి, యాత్రికులు అక్కడ దిగి సామాన్లు మోసుకుంటూ బస్సులో దీవిలోకి వెళ్లేవాళ్లు. ముసలివాళ్లతో వెళ్లినవాళ్లకు అది ఎంత అవస్థో చెప్పక్కర్లేదు.

కొత్త వంతెనను 2025 ఏప్రిల్ 6న, శ్రీరామనవమి రోజు, ప్రధాని మోదీ ప్రారంభించారు. పొడవు 2.08 కిలోమీటర్లు. మధ్యలో 72.5 మీటర్ల స్పాన్ రెండు పక్కల ఉన్న టవర్ల మధ్య లిఫ్టులా నిటారుగా 17 మీటర్లు పైకి లేస్తుంది. దేశంలో ఇలా నిటారుగా లేచే మొదటి సముద్ర వంతెన ఇదే. మోటార్ల మీద నడుస్తుంది కాబట్టి నిమిషాల్లో లేస్తుంది. పైకి లేచినప్పుడు కింద 22 మీటర్ల ఎత్తు ఖాళీ దొరుకుతుంది. రోడ్డు వంతెన ఎలాగూ పక్కనే ఉంది కదా, దాని కింద పట్టని ఓడ రైలు వంతెన ఎంత లేచినా పోలేదు, అందుకే ఆ లెక్క. పునాదులు రెండు లైన్లకు సరిపడా వేశారు, ప్రస్తుతం ఉన్నది ఒకటే లైను.

ప్రారంభానికి ముందు 2024 నవంబరులో రైల్వే భద్రతా కమిషనరు ఈ వంతెన డిజైన్, తుప్పు రక్షణ గురించి కొన్ని అభ్యంతరాలు రాశారు. వాటి మీద చర్చ జరిగింది, తర్వాతే రైళ్లకు అనుమతి వచ్చింది. ఇలాంటి అభ్యంతరాలు బయటికి రావడం మంచిదే. ఈ ఉప్పుగాలిలో ఏ వంతెనకైనా రోజూ కాపలా కాయాల్సిందే.

గాలి ఎక్కువైతే రైలు ఆపేస్తారా?

ఆపేస్తారు. పాత వంతెన మీద గాలి వేగం కొలిచే పరికరం పెట్టి, గంటకు 58 కిలోమీటర్లు దాటితే సిగ్నల్ దానంతట అదే ఎర్రగా మారేలా చేశారు. కొత్త వంతెన మీదా గాలి కొలతలున్నాయి, గాలి పరిమితి దాటితే లిఫ్ట్ లేపరు. కాబట్టి అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యలో వెళ్తే రైలు మండపం దగ్గర కాసేపు నిలబడిందంటే విసుక్కోకండి, టెన్షన్ పడకండి. 1964 తర్వాత నేర్చుకున్న జాగ్రత్త అది. వాయుగుండం ఏర్పడితే పాంబన్ రేవులో ప్రమాద హెచ్చరిక నంబరు ఎగరేస్తారు, మన మచిలీపట్నం, విశాఖ రేవుల్లో ఎగరేసినట్టే. వార్తల్లో ఆ నంబరు పెరుగుతోందంటే ప్రయాణం వాయిదా వేసుకోవడమే మేలు.

ఈ జలసంధి గుండా ఏ ఓడలు పోతాయి?

చిన్నవి మాత్రమే. టగ్గులు (వేరే ఓడల్ని లాగే చిన్న ఓడలు), బార్జీలు (సరుకు మోసే చదునైన పడవలు), కోస్ట్ గార్డు, నేవీ చిన్న ఓడలు, ఒక తీరం నుంచి ఇంకో తీరానికి మారే మరబోట్లు. ఇవి ముందుగా పాంబన్ రేవు అధికారులకు చెప్పి, సందుకు బయట లంగరు వేసుకుని ఎదురుచూస్తాయి. నాలుగైదు పోగయ్యాక, రైళ్లు లేని సమయం చూసి, నీళ్ల పోటు అనుకూలంగా ఉన్నప్పుడు, స్థానిక పైలట్లు దారి చూపిస్తే వరసగా దాటతాయి. చిన్న పడవలు వంతెన మూసి ఉన్నా స్తంభాల మధ్య నుంచి దూరి పోతుంటాయి.

ఇంత హంగామా ఎందుకని అనుకోవద్దు. 2013 జనవరిలో లాక్కెళ్తున్న ఒక నేవీ బార్జీ అదుపు తప్పి వచ్చి పాత వంతెన స్తంభానికి గుద్దుకుంది, దాంతో రైళ్లు కొన్నాళ్లు ఆగిపోయాయి. ప్రవాహం ఉన్న సన్నని దారిలో ఇంజిన్ ఆగిన ఓడ ఎటు పోవాలో నీళ్లే నిర్ణయిస్తాయి.

మరి పెద్ద ఓడలు? సేతు సముద్రం కాలువ ఏమైంది?

తూత్తుకుడి నుంచి చెన్నైకో విశాఖకో వెళ్లే పెద్ద ఓడ శ్రీలంకను చుట్టి రావాల్సిందే. దీనికి విరుగుడుగా కాలువ తవ్వాలన్న ఆలోచన 1860 నుంచీ ఉంది. చాలామంది పొరపడేది ఇక్కడే, ఆ కాలువ పాంబన్ దగ్గర కాదు, ధనుష్కోడికి అవతల రామసేతు తిన్నెలను కోస్తూ పోయేలా అనుకున్నది. 2005 జులైలో పనులు మొదలయ్యాయి, 30 గంటల దాకా ప్రయాణం ఆదా అవుతుందని ప్రాజెక్టు వాళ్లు చెప్పారు. సేతువును తవ్వకూడదని కేసులు పడ్డాయి, 2007లో సేతువుకు నష్టం కలిగించొద్దని సుప్రీంకోర్టు ఆదేశించింది, పని అక్కడితో నిలిచిపోయింది.

నమ్మకం మాట అలా ఉంచినా, నాకు ఈ ప్రాజెక్టు మీద పెద్ద అనుమానం ఇసుక గురించే. ఏడాదికి రెండుసార్లు దిశ మార్చుకునే ప్రవాహాలు, లోతు లేని సముద్రం, తుఫానులు ఉన్న చోట తవ్విన కాలువ మళ్లీ పూడిపోతూనే ఉంటుంది. దాన్ని నిత్యం తవ్వుతూ ఉండాలి, తవ్విన ప్రతిసారీ అడుగున ఉన్న గడ్డి, పగడాలు బురదలో మునిగిపోతాయి.

ఇక్కడి మత్స్యకారులకు ఈ నీళ్లు ఎలా పంచుకోవాలో ఏమైనా లెక్క ఉందా?

ఉంది. రామేశ్వరం ప్రాంతంలో మరబోట్లు వారంలో మూడు రోజులు, నాటు పడవలు మిగతా నాలుగు రోజులు వేటకెళ్లే పద్ధతి దశాబ్దాలుగా నడుస్తోంది. ఒకరి వలలు ఒకరు తెంపుకోకుండా కుదుర్చుకున్న ఏర్పాటు అది. మన ఆంధ్రా తీరంలో లాగే అక్కడా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. గాలి మారినప్పుడు కొందరు పడవలతో సహా ఒక సముద్రం వైపు నుంచి ఇంకో వైపుకి మారిపోతారు, రెండు సముద్రాలు చెంతనే ఉండటం వల్ల వాళ్లకి కలిసొచ్చే సౌకర్యం అది.

కష్టం మాత్రం సరిహద్దు దగ్గర. పాక్ అఖాతంలో 1974 ఒప్పందం ప్రకారం గీసిన గీత అవతల కచ్చతీవు అనే చిన్న దీవి శ్రీలంకకు వెళ్లింది. ఆ గీత దాటారని శ్రీలంక నేవీ మన బోట్లను పట్టుకోవడం, మనుషులను జైల్లో పెట్టడం తరచూ జరుగుతోంది. మన ట్రాలర్లు అడుగు నుంచి గీకేస్తున్నాయన్నది అటువైపు తమిళ మత్స్యకారుల ఫిర్యాదు. వాళ్లవీ పేద కుటుంబాలే, అది కూడా నిజమే. ఒక పక్షం మాటే విని తీర్పు చెప్పే విషయం కాదు ఇది.

నీళ్లలో ఏ జంతువులు ఉంటాయి?

ఇక్కడి అసలు సంపద కంటికి కనబడనిది, అడుగున పరుచుకున్న సముద్రపు గడ్డి. లోతు తక్కువ, వెలుతురు అడుగుదాకా పడుతుంది, అందుకే అది బాగా పెరుగుతుంది. దాన్ని మేసి బతికేది సముద్రపు ఆవు, అంటే డ్యూగాంగ్. శాకాహారి, నెమ్మదైన జీవి, శ్వాస కోసం పైకి రావాలి, అందుకే వలల్లో చిక్కి చచ్చిపోయేది. 2022లో తమిళనాడు ప్రభుత్వం పాక్ అఖాతంలో 448 చదరపు కిలోమీటర్లను దేశంలోనే మొదటి డ్యూగాంగ్ సంరక్షణ ప్రాంతంగా ప్రకటించింది. దక్షిణం వైపు మన్నార్‌లో 21 దీవులతో 1986లో ప్రకటించిన సముద్ర జాతీయ పార్కు ఉంది, పాంబన్‌కి దగ్గర్లోని కురుసడై దీవి అందులోదే. సముద్ర చేపల పరిశోధనకు మన దేశంలో పెద్ద సంస్థ అయిన సీఎంఎఫ్ఆర్ఐ 1947లో మొదలయ్యాక కొచ్చికి మారేదాకా చాలా ఏళ్లు మండపం నుంచే నడిచింది. శాస్త్రవేత్తలు ఈ చోటును అంత ఊరికే ఎంచుకోలేదు.

ఒక మాట గట్టిగానే చెబుతాను. ప్లాస్టిక్ కవరులో పూజా సామాను కట్టి వంతెన మీద నుంచి విసిరేయకండి. ఆ కవరు వెళ్లి చేరేది ఆ గడ్డిలోకే.

వంతెన మీద బండి ఆపి ఫొటోలు తీసుకోవచ్చా?

ఆపకూడదు. చాలామంది ఆపుతారు, ట్రాఫిక్ ఇరుక్కుంటుంది, ప్రమాదాలూ జరుగుతుంటాయి, పోలీసులు జరిమానా వేస్తారు. పక్కనుంచి గాలి తోస్తున్నప్పుడు పిల్లలను పిట్టగోడ మీద కూర్చోబెట్టి ఫొటో తీయడం చూస్తే మాత్రం గుండె ఝల్లుమంటుంది. పాంబన్ ఊళ్లోకి దిగి ఒడ్డుకు వెళ్తే వంతెనలన్నీ ఒకే చూపులో కనిపిస్తాయి, తీరిగ్గా తీసుకోవచ్చు. రైలు వంతెన మీద నడవడానికి అనుమతి లేదు.

ఈత కొట్టొచ్చా?

జలసంధిలో వద్దు, అడుగున రాళ్లు, పైన ప్రవాహం. ధనుష్కోడి కొసన అరిచల్‌మునై దగ్గర రెండు సముద్రాలు కలిసే చోట అసలే దిగొద్దు, అక్కడ నీళ్లు కాళ్ల కింది ఇసుకను లాగేస్తాయి. స్నానానికి అగ్నితీర్థం ఉండనే ఉంది.

శ్రీలంక నుంచి ఈది వచ్చినవాళ్లున్నారు కదా అంటారా, ఉన్నారు. 1966లో మిహిర్ సేన్ తలైమన్నార్ నుంచి ధనుష్కోడికి 25 గంటల పైన ఈదారు. 2021 మార్చిలో మన తెలుగు మహిళ గోలి శ్యామల అదే దారిని 13 గంటలకు పైగా ఈది దాటారు. వాళ్ల వెంట బోట్లు, డాక్టర్లు, రెండు దేశాల అనుమతులు, ఏళ్ల సాధన ఉన్నాయి.

రామేశ్వరం నుంచి శ్రీలంకకు పడవలో వెళ్లొచ్చా?

ప్రస్తుతం లేదు. 1964 తర్వాత ధనుష్కోడి బదులు రామేశ్వరం నుంచి తలైమన్నార్‌కి ఓడ నడిచేది, ఎనభైల్లో శ్రీలంకలో యుద్ధం ముదరడంతో అదీ ఆగిపోయింది. 2023 అక్టోబరులో నాగపట్నం నుంచి జాఫ్నా దగ్గరి కాంకేసంతురైకి ప్రయాణికుల ఓడ మొదలైంది. వాతావరణాన్ని బట్టి మధ్యమధ్యలో ఆపుతుంటారు కాబట్టి టికెట్టు తీసుకునే ముందు కనుక్కోండి. పాస్‌పోర్టు ఎలాగూ తప్పనిసరి.

ధనుష్కోడి నుంచి రామసేతు కనిపిస్తుందా?

వంతెనలా ఏదీ కనిపించదు. అలల మధ్య కొన్ని ఇసుక తిన్నెలు, అదీ నీళ్లు నిలకడగా ఉన్న రోజున. 2017లో అరిచల్‌మునై దాకా రోడ్డు పడ్డాక బస్సు నేరుగా అక్కడికే వెళ్తోంది. అంతకుముందు ఇసుకలో జీపుల్లో వెళ్లాల్సి వచ్చేది. చలికాలంలో దారిలో నిలిచిన నీళ్లలో రాజహంసలు దిగుతాయి, వాటి కోసం కాసేపు ఆగండి.

ఏ నెలలో వెళ్తే మంచిది? రోడ్డా, రైలా?

జనవరి నుంచి మార్చి దాకా హాయిగా ఉంటుంది. ఏప్రిల్, మేలో ఎండ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాన, తుఫాను భయం. కుదిరితే ఒకసారి రైల్లో, ఒకసారి రోడ్డు మీద దాటండి, రెండూ వేరే అనుభవాలు. కొత్త వంతెన మీద రైలు పాతదాని కన్నా చాలా వేగంగా వెళ్లిపోతుంది, కాబట్టి మండపం స్టేషను దాటగానే కిటికీ దగ్గరికి వచ్చేయండి. తిరుగు ప్రయాణంలో ఒక పూట ఖాళీ ఉంటే పాంబన్‌లో దిగి, కుందుకాల్‌కి వెళ్లి వివేకానంద స్మారకం చూసి, ఒడ్డున ఉన్న పడవల దగ్గర ఎవరినైనా ఈ నెలలో నీళ్లు ఎటు పారుతున్నాయో అడగండి. వేలు పెట్టి చూపిస్తారు.